మన కథల్లో ఫోనుకి ఒళ్ళు లేదు

మొన్న చలికాలంలో మా వంటింటి పక్కనున్న చిన్న బల్ల సొరుగు తెరుచుకోలేదు. రెడ్‌మండ్ వానలకి చెక్క ఉబ్బి ఉంటుందిలే అని రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు గట్టిగా లాగితే ఊడి వచ్చింది. ఉబ్బింది చెక్క కాదు, లోపలున్న ఒక ఫోను. దాని బ్యాటరీ పొంగి, వెనక మూత విడిపోయి, పూరీలాగా తయారై పైచెక్కకి అడ్డం పడింది. మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి "ముందు దాన్ని బయట పెట్టండి, తరవాత చూద్దురుగాని" అంది. బయట పెట్టొచ్చి మిగతావి లెక్కపెట్టాం. ఉబ్బినదానితో కలిపి పదకొండు.

అదే వారంలో ఈ సంకలనం సంపాదకులు ఫోన్ చేశారు, మన ప్రవాస కథ మీద ఏదైనా విమర్శ రాసిమ్మని. సరేనని అల్మారాలోంచి సంకలనాలన్నీ దించి మళ్ళీ చదవడం మొదలెట్టాను. బల్లమీద ఒక పక్క కథల పుస్తకాలు, ఇంకో పక్క మా ఆవిడ "వీటి సంగతేదో తేల్చండి" అని పెట్టిన ఫోన్లు. చదువుతూ చదువుతూ తల ఎత్తినప్పుడల్లా అవే కనిపించేవి. ఒక వ్యాసానికి ఇది సరైన ప్రాతిపదిక కాదని పెద్దలు అనవచ్చు. కానీ అలా చదవడం వల్లనే నాకొక విషయం తట్టింది, లేకపోతే తట్టేది కాదు.

ఫోను లేని అమెరికా తెలుగు కథ వెతకడం కష్టం. అర్ధరాత్రి మోగే ఫోను మనకి ఎంత అలవాటంటే, మొదటి వాక్యంలో అది మోగితే చాలు, నాన్నగారో అమ్మమ్మో పోయారని పాఠకుడికి రెండో వాక్యం చదవకుండానే తెలిసిపోతుంది. పాత కథల్లో నిమిషాల లెక్కన మాట్లాడే ఫోను, నడుమన కొన్నాళ్ళు కాలింగ్ కార్డు గీకి నంబర్లు నొక్కే ఫోను, ఈ మధ్య కథల్లో ఆస్పత్రి మంచాన్ని వీడియోలో చూపించే ఫోను. ఇన్ని వందల ఫోన్లలో ఒక్కదానికీ బరువు లేదు. దాన్నెవరు చేశారో, ఎక్కడ కొన్నారో, పాడైతే ఏం చేశారో ఏ కథలోనూ లేదు. మన కథలో ఫోనంటే గొంతు దూరిపోయే గొట్టం, అంతే.

అదే రచయిత అమ్మమ్మ గారి ఇత్తడి బిందె గురించి రాయాల్సొస్తే దాని సొట్టతో సహా రాస్తాడు. రోలు, తిరగలి, మడత మంచం, ఆవకాయ జాడీ, వీటన్నిటికీ మన కథల్లో ఒళ్ళుంది, వయసుంది, చావు కూడా ఉంది. ఇక్కడ మనం కొన్న వస్తువులకే ఏదీ లేదు. అక్కడినుంచి వచ్చినవి జ్ఞాపకాలు, ఇక్కడ కొన్నవి సామాన్లు. జ్ఞాపకాన్ని దాచుకుంటాం. సామాను సంగతి మంగళవారం పొద్దున చెత్తబండి వాడు చూసుకుంటాడు. ప్రవాస కథ మీద వచ్చిన విమర్శలో ఎక్కువ భాగం మన కలవరింత గురించే. అది తప్పని నేననను. కలవరింతకి ఇంకో కొస ఇదీ అని మాత్రం అంటాను.

ఇతరులని అనేముందు నా సంగతి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట నేను రాసిన ఒక కథలో తండ్రి పోయిన కబురు విన్న కొడుకు చేతిలో ఫోను గోడకేసి కొడతాడు. ఆ ముగింపుని నలుగురూ మెచ్చుకున్నారు. ఆ ముక్కలెవరు ఊడ్చారో, ఎక్కడ పారబోశారో నేను రాయలేదు, నన్నెవరూ అడగలేదు. ఇప్పుడా కథ చదివితే నాకు తండ్రి చావు కన్నా ఆ ముక్కలే కనపడుతున్నాయి.

పదకొండిటినీ వరసలో పెట్టి ఒక్కొక్కటి ఎందుకు చచ్చిందో రాసుకుంటూ పోయాను. కాఫీ పడి పోయింది ఒకటి, మా అమ్మాయి చేతిలోంచి జారి అద్దం పగిలినవి రెండు, ఉబ్బింది ఒకటి. తక్కినవాటికి ఏ రోగమూ లేదు. అన్నిటికన్నా పాతది 1999 నాటి నోకియా. దానికి నెలనెలా బిల్లు పంపిన ఏటీ అండ్ టీ వైర్‌లెస్ కంపెనీకి ఆ రోజుల్లో ప్రధాన కార్యాలయం ఈ రెడ్‌మండ్‌లోనే ఉండేది. 2004లో సింగ్యులర్ దాన్ని కొనేసింది. ఆ నోకియా మాట్లాడే టీడీఎంఏ పద్ధతిని 2008 ఫిబ్రవరిలో ఆపేశారు. ఫోను బాగానే ఉంది, మాట్లాడటానికి అవతల ఎవరూ లేరు. ఇంకొకటి మడత ఫోను, సిమ్ కార్డు పెట్టే చోటే లేని సీడీఎంఏ రకం. 2005లో బావమరిదికిద్దామని ఇండియా పట్టుకెళ్ళి, పనికిరాదని తెలిసి మళ్ళీ మోసుకొచ్చాను. అది నాకన్నా ఒక ప్రయాణం ఎక్కువ చేసిందని మా ఇంట్లో ఇప్పటికీ వేళాకోళం. 3జీ ఫోన్లు రెండు, 2022 ఫిబ్రవరిలో ఆ నెట్‌వర్కు కట్టేసిన రోజున ఒకేసారి పోయాయి.

ఇక లూమియా 950. ఈ ఊళ్ళో కాపురముంటూ ఒక్క విండోస్ ఫోనయినా కొనకపోతే బాగుండదని కొన్నది. కెమెరా ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. 2020 జనవరితో దాని సాఫ్ట్‌వేరుకి మద్దతు ఆగిపోయింది. ఫోన్ల విషయంలో మా ఊరి చరిత్ర కొంచెం విషాదంగానే ఉంటుంది. 2010 మే నెలలో మైక్రోసాఫ్ట్ 'కిన్' అని ఒక ఫోను అమ్మకానికి పెట్టింది, జూన్ నెలాఖరుకల్లా ఆపేసింది. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారం కొని, మర్నాటి ఏడు జులైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసింది. ఆ మాటని మన షావుకార్లు 'పద్దు కొట్టేయడం' అంటారు. పద్దు కొట్టేస్తే అప్పు పోతుందేమోగాని, చేసిన ఫోన్లు ఎక్కడికీ పోవు. వాటిలో ఒకటి మా బల్లమీద ఉంది.

ఇలా వస్తువుకి ఒళ్ళిచ్చి రాసిన వాళ్ళు మనకి దూరంగా ఏం లేరు. సరస్సు దాటి సియాటిల్ వెళితే, 1997లో జిమ్ పకెట్ ప్రారంభించిన బేసెల్ యాక్షన్ నెట్‌వర్క్ అనే చిన్న సంస్థ ఉంది. క్లుప్తంగా 'బాన్' అంటారు. ప్రమాదకరమైన చెత్తని దేశం దాటించడం మీద 1989లో కుదిరిన బేసెల్ ఒప్పందం పేరే వాళ్ళు పెట్టుకున్నారు. అమెరికా ఆ ఒప్పందం మీద 1990లో సంతకమైతే పెట్టింది గాని, ఇప్పటివరకూ ఆమోదించలేదు. 2002 ఫిబ్రవరిలో ఈ సంస్థ, సిలికాన్ వ్యాలీ టాక్సిక్స్ కొయలిషన్‌తో కలిసి 'ఎక్స్‌పోర్టింగ్ హార్మ్' అని ఒక నివేదిక, దానితో ఒక చిన్న సినిమా తెచ్చాయి. చైనాలోని గ్వియు అనే ఊరిని ప్రపంచానికి చూపించింది అదే. బొగ్గుల మీద సర్క్యూట్ బోర్డులు పెనం మీద అట్లలాగా వేడిచేసి చిప్పులు ఊడదీసే ఆడవాళ్ళు, ఏటి ఒడ్డున యాసిడ్ కుండలు, కాల్చిన వైర్ల బూడిద. ఢిల్లీ, కరాచీల సంగతులు కూడా ఆ నివేదికలో ఉన్నాయి.

ఆ సినిమా మొదటిసారి చూసినప్పుడు రాత్రి నిద్ర పట్టలేదు. విమర్శకుడిగా రెండోసారి చూస్తే దాని బలమూ బలహీనతా ఒకటేననిపించింది. అది నేరం జరిగిన చోటికి తీసుకెళ్తుంది, కానీ అక్కడి మనుషులని బాధితులుగా తప్ప మరో రకంగా చూడదు. ఆ బోర్డులు ఊడదీసే ఆమెకి ఏం తెలుసో, ఏం లెక్కేసుకుని ఆ పనికొచ్చిందో మనకి వినపడదు. మన కథల్లో ఫోనుకి గొంతుంది, ఒళ్ళు లేదన్నాను కదా. ఇందులో అందరికీ ఒళ్ళుంది, గొంతు లేదు. ఇంకోటి, అమెరికా పడమటి రాష్ట్రాల్లో రీసైక్లింగుకని సేకరించినదాంట్లో 50 నుంచి 80 శాతం ఓడలెక్కి పోతుందన్న లెక్క ఆ నివేదికలో ఉంది. అది పరిశ్రమలో తెలిసినవాళ్ళు వేసిన అంచనా, కొలిచి చెప్పింది కాదు. తరవాత అదే అంకె పత్రికల్లో ఏళ్ళ తరబడి వేదవాక్కులా తిరిగింది. ఇంత మాత్రాన గ్వియు కల్పన అయిపోదు. షాంతౌ విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడి 165 మంది పిల్లల రక్తం పరీక్షించి 2007లో ప్రచురించిన ఫలితాల్లో, నూటికి 80 మందికి పైగా పిల్లల్లో సీసం అప్పటి ప్రమాద పరిమితిని దాటి ఉంది. అంచనా తప్పయినా పిల్లలు నిజం.

బాన్ వాళ్ళకి కూడా అంచనాలు చాలవనిపించిందేమో, తరవాతి పని వేరే తీరులో చేశారు. రెండు వందల పైచిలుకు మానిటర్లలో, ప్రింటర్లలో జీపీఎస్ ట్రాకర్లు దాచి, అమెరికా అంతటా బుద్ధిమంతుల్లాగా రీసైక్లింగుకి అప్పగించారు. తరవాత వాటి దారి చూశారు. ఎమ్ఐటీ వాళ్ళ సాయంతో 2016లో బయటపెట్టిన ఫలితం ప్రకారం సుమారు మూడో వంతు దేశం దాటాయి, ఎక్కువ భాగం హాంకాంగ్ శివార్లకి చేరాయి. వస్తువే తన కథ తాను చెప్పుకోవడమంటే ఇది. ఆ కథలో మలుపు కూడా మన జిల్లాలోదే. వాషింగ్టన్ రాష్ట్రం 2006లో చట్టం చేసి, 2009 జనవరి నుంచి ఈ-సైకిల్ అనే పథకం నడుపుతోంది. పాత టీవీలు, కంప్యూటర్లు ఉచితంగా తీసుకుంటారు, ఖర్చు తయారీదార్లది. ఆ పథకంలో పెద్ద భాగం చూసుకున్న సియాటిల్ కంపెనీ టోటల్ రీక్లెయిమ్. దానికి బాన్ వాళ్ళే ఇచ్చే 'ఈ-స్టివార్డ్స్' ముద్ర కూడా ఉండేది. ట్రాకర్లు వెళ్ళి హాంకాంగులో తేలింది ఆ కంపెనీ చేతుల్లోంచే. పాదరసం ఉండే పల్చటి మానిటర్లని అక్కడ విప్పుతున్న పనివాళ్ళకి ఏ రక్షణా లేదు. యజమానులిద్దరూ మోసం కుట్ర నేరం ఒప్పుకున్నారు. 2019 ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి 28 నెలల జైలు పడింది. 80 లక్షల పౌండ్లకి పైగా మానిటర్లు అలా వెళ్ళాయని కేసులో తేలింది.

ఇంత కథ మన పెరట్లో జరిగింది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్‌లలో తెలుగువాళ్ళం ఇన్ని వేలమందిమి ఉన్నాం, మనలో రాసేవాళ్ళకి కొదవ లేదు. ఒక్క కథ రాలేదు. నేనూ రాయలేదు.

ఈ-సైకిల్ గురించి ఒక ముక్క. ఉత్సాహంగా నా పదకొండూ సంచిలో వేసుకుని వెళ్దామని చూస్తే, ఆ పథకం జాబితాలో సెల్‌ఫోను లేదు. టీవీ ఉంది, లాప్‌టాప్ ఉంది, టాబ్లెట్ ఉంది, పుస్తకాలు చదివే పలకలున్నాయి. దేశానికి సెల్‌ఫోన్ అలవాటు చేసిన కంపెనీల్లో సగం పుట్టి పెరిగిన చోటిది. మెకా సెల్యులర్ పక్కనే కర్క్‌లాండ్‌లో, టీ-మొబైల్ బెల్‌వ్యూలో. ఆ చోట చట్టం ఫోనుని చూడలేదు. ఫోన్లని దుకాణాల డబ్బాల్లో వేయాలి, లేదా ఏ ధర్మసంస్థకో పంపాలి. మన కథకుల మీద నేను మోపిన నేరమే శాసనసభ మీదా మోపవచ్చు.

బాన్ వాళ్ళ కథనానికి ఎదురు కథనం కూడా ఒకటుంది, అది చదవకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఆడమ్ మింటర్ అని మిన్నియాపొలిస్ పాతసామాన్ల వర్తకుడి కొడుకు, విలేకరి. 2013లో 'జంక్‌యార్డ్ ప్లానెట్', 2019లో 'సెకండ్‌హ్యాండ్' అనే పుస్తకాలు రాశాడు. అతని వాదన టూకీగా ఇది: మీరు చెత్త అనుకుని ఏడుస్తున్నది ఘనాలోనో ఇండియాలోనో ఇంకొకరికి సరుకు. అక్కడి రిపేరువాళ్ళు మీ వస్తువుకి ఇంకో పదేళ్ళ ఆయుష్షు పోస్తారు. దాన్ని ఆపి ఇక్కడే తునకలు చేస్తే పర్యావరణానికి జరిగే మేలేమిటి? మింటర్ మనుషుల పేర్లు రాస్తాడు, వాళ్ళ లెక్కలు రాస్తాడు, వాళ్ళు వేసే జోకులు రాస్తాడు. చదువుతుంటే హాయిగా ఉంటుంది. పైగా అంకెలు కూడా అతని వైపే మొగ్గుతాయి. ఆపిల్ తన ఫోన్ల గురించి తానే ప్రచురించే పత్రాలు చూడండి. ఒక ఫోను పుట్టుక నుంచి చావు దాకా వెలువడే కర్బనంలో నూటికి దాదాపు 80 వంతులు అది మన చేతికి రాకముందే, తయారీలోనే వచ్చేస్తుంది. చివర్న రీసైకిల్ చేయడం వల్ల మిగిలేది తక్కువ. పది లక్షల ఫోన్లు కరిగిస్తే సుమారు 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 16 టన్నుల రాగి వస్తాయని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. ఆకర్షణీయమైన లెక్కే, కానీ ఆ ఫోనులోని అరుదైన మూలకాలు చాలావరకు తిరిగి రావు. ఉన్న ఫోనుని ఇంకో రెండేళ్ళు వాడటాన్ని మించిన రీసైక్లింగ్ లేదు. ఈ మాట ఏ కంపెనీ ప్రకటనలోనూ పెద్దక్షరాల్లో ఉండదు.

మింటర్‌ని చదివి నా మనసు కొంచెం తేలికపడ్డ మాట నిజం. ఎందుకంటే నాదీ ఆ వర్తకమే. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ మన సూట్‌కేసుల్లో బాదం పప్పు, చాక్లెట్ల మధ్య నాలుగు పాత ఫోన్లుంటాయి కదా. ఒకప్పుడు వాటికి కంపెనీ తాళాలుండేవి, హైదరాబాదులో దిగగానే అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి పరుగెత్తేవాళ్ళం. పనిచేసేవి చుట్టాలకి. చేయనివి తెనాలిలో సెల్ రిపేరు షాపున్న మా పిన్ని కొడుక్కి. బాన్ వాళ్ళ ఓడ కంటెయినరుకీ నా సూట్‌కేసుకీ తేడా ఏమిటని ఒక్కోసారి అనుమానం వచ్చేది. మింటర్ ప్రకారం నేను దొంగని కాను, సరఫరాదారుని.

ఈ వ్యాసం కోసమే మా తమ్ముడికి ఫోన్ చేసి గ్వియు సినిమా కథ అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అన్నయ్యా, నువ్వు తెచ్చే డెడ్ సెట్లు నాకు స్పేర్లు. స్పీకరు, కెమెరా, పనికొచ్చే ఐసీలు తీసుకుంటాను. పోయినేడు ముగ్గురు కాలేజీ పిల్లల ఫోన్లు వాటితోనే లేపాను."

"మిగిలిన బోర్డులో?"

"బస్తాలో వేస్తాను. నిండాక ఒకాయన వస్తాడు, కిలోల లెక్కన పట్టుకెళ్తాడు."

"ఎక్కడికి?"

"నేనడగలేదు. నువ్వక్కడ షాపు డబ్బాలో వేసినప్పుడు అడిగావా, ఎక్కడికని?"

నా దగ్గర జవాబు లేదు. ఇంతవరకూ చదివిన పుస్తకాలన్నిట్లోనూ లేని చోటు నాకా మాటలో కనపడింది. మింటర్ కథ మా తమ్ముడి షాపు గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఫోను లేచింది, పిల్లవాడు నవ్వుతూ వెళ్ళాడు, సుఖాంతం. బాన్ వాళ్ళ కథ బొగ్గుల కుంపటి దగ్గర మొదలవుతుంది. ఈ రెంటి మధ్యా బస్తా మోసుకెళ్ళే మనిషున్నాడు. అతని సంగతి ఇద్దరూ రాయలేదు. రిపేరు గొప్పదే, కానీ రిపేరయిన ఫోను కూడా ఎప్పుడో ఒకప్పుడు బస్తాలోకి వెళ్ళాల్సిందే. ఆ ప్రశ్న దగ్గర మింటర్ కొంచెం తొందరపడతాడని నా ఫిర్యాదు.

ఆ బస్తా మనిషి మన పల్లెల్లో కొత్తవాడేం కాదు. పాత ఇనప సామాన్లకి ఉల్లిపాయలిచ్చేవాడు, జుట్టుకి స్టీలు గిన్నెలిచ్చేవాడు మనకి తెలుసు. ఇప్పుడు పాడైపోయిన సెల్‌ఫోన్లకి ప్లాస్టిక్ సామాను ఇస్తామని మైకు పెట్టుకుని తిరుగుతున్నారు. 2024 ఆగస్టులో గోదావరిఖనిలో రామగుండం పోలీసులు బీహారు నుంచి వచ్చిన ముగ్గురిని పట్టుకుంటే, వాళ్ళ దగ్గర సుమారు నాలుగు వేల పాత ఫోన్లు దొరికాయి. ఊళ్ళమ్మట తిరిగి కొన్న ఆ ఫోన్లు సైబర్ మోసగాళ్ళకి చేరవేయడానికేనని పోలీసులు చెప్పారు. అంటే చచ్చిన ఫోనులో కూడా మన గుట్టు కొంత బతికే ఉంటుందన్న భయం ఉత్త భయం కాదు. 2022లో ప్రపంచంలో 530 కోట్ల ఫోన్లు వాడకంలోంచి తప్పుకుంటాయని యూరప్‌లోని ఈ-చెత్త సంస్థల సమాఖ్య అంచనా వేసింది. అందులో చాలా భాగం జనం సొరుగుల్లోనే ఉంటాయని కూడా చెప్పింది. దాన్ని బద్ధకమంటారు. అందరిదీ బద్ధకం కాదని నా సొరుగు సాక్ష్యం.

చట్టాలు అటూ ఇటూ కదులుతున్నాయి, న్యాయానికి అదీ చెప్పాలి. ఇండియాలో ఈ-చెత్త నిబంధనలు 2012 మే నుంచి అమల్లోకొచ్చాయి, సెల్‌ఫోను మొదటినుంచీ ఆ జాబితాలో ఉంది. ఆ మాటకొస్తే వాషింగ్టన్ కన్నా మనవాళ్ళే నయం. 2023 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధనల కింద, నమోదైన రీసైక్లర్ల దగ్గర తయారీదారు సర్టిఫికెట్లు కొనాలి. హైదరాబాదు చర్లపల్లిలోని సీ-మెట్ ప్రయోగశాల సర్క్యూట్ బోర్డుల్లోంచి లోహాలు శుభ్రంగా తీసే పద్ధతులు తయారుచేసింది. తెనాలి బస్తాకీ చర్లపల్లికీ దూరం మూడు వందల కిలోమీటర్లుండదు. ఆ బస్తా అక్కడికి వెళ్తుందన్న నమ్మకం మా తమ్ముడికీ లేదు, నాకూ లేదు. కిలోకి రూపాయి ఎవరెక్కువిస్తే అటు వెళ్తుంది. ఇక్కడ మా రాష్ట్రంలో 2025లో రిపేరు హక్కు చట్టం వచ్చింది, 2026 జనవరి 1 నుంచి అమలు. ఫోను చేసినవాళ్ళు విడిభాగాలు, పనిముట్లు, సమాచారం బయటి మెకానిక్కులకి కూడా ఇవ్వాలి. 2021 జులై తరవాత అమ్మిన వాటికే. నా పదకొండిట్లో దాని కిందికి వచ్చేది ఒకటే ఉంది, అదేమో ఉబ్బిపోయింది.

ఉబ్బినదాన్ని పిల్లి ఇసక పోసిన డబ్బాలో పూడ్చి, బెల్‌వ్యూ దగ్గర ఫాక్టోరియాలో కౌంటీవాళ్ళు ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట అప్పగించాను. ఆ పిల్లవాడు చేతికి తొడుగులేసుకుని, చంటిబిడ్డని అందుకున్నట్టు అందుకున్నాడు. అన్నిట్లోకీ నాకు నచ్చిన దృశ్యం అదే, ఏ కథలో పెడతానో తెలియదు.

మిగతా పదిట్లో ఒకదాని సంగతి ఇంతవరకూ దాటేశాను. నోకియా ఈ-71. 2009 వేసవిలో హైదరాబాదులో కొని, తెనాలి వెళ్ళాక దాని రికార్డరు ఎలా ఉందో పరీక్షించడానికి ఇంట్లో నొక్కి వదిలేశాను. ఇక్కడికి తెచ్చుకుని చాన్నాళ్ళు వాడాను. మా కంపెనీ 2జీ నెట్‌వర్కు 2016తో ఆపేసేసరికి సొరుగులోకి వెళ్ళింది. అమ్మ 2013లో పోయింది. ఆ ఫోనులో అమ్మ గొంతుందని నాకు గుర్తే. అందుకే ఎవరికీ ఇవ్వలేదు, ఏ డబ్బాలోనూ వేయలేదు. అది ఛార్జింగ్ ఎక్కడం మానేసి ఎన్నేళ్ళయిందో కూడా చూసుకోలేదు. ఇక్కడ రెండు మూడు దుకాణాలకి తీసుకెళ్తే, ఇంత పాతవి ముట్టుకోమన్నారు. సంక్రాంతికి ఊరెళ్తున్న మిత్రుడి చేతికిచ్చి తమ్ముడికి పంపాను.

పది రోజులు చప్పుడు లేదు. పదకొండో రోజు వీడియో కాల్ చేశాడు. అద్దాలు పెట్టుకుని, దీపం కింద, చిన్న బ్రష్షుతో బోర్డు తుడుస్తున్నాడు. పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్న అతని చేతులని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. "షార్ట్ ఉంది అన్నయ్యా. తుప్పు పట్టింది. ఇంకో డెడ్ సెట్‌లోంచి ముక్క తీసి వేశాను, లేస్తే లేచినట్టు" అన్నాడు. లేచింది. నలభై నిమిషాలుంది. ఆ నలభై నిమిషాల్లో ఫైలు కాపీ చేసి నాకు వాట్సప్‌లో పంపాడు.

నిమిషంన్నర ఉంది. అమ్మ నాతో ఏం మాట్లాడలేదు అందులో. నీళ్ళ మోటారు ఆపమని మేడమీద ఎవరినో కేకేస్తోంది, టాంకు పొర్లిపోతోందని, కరెంటు బిల్లు మీ తాత కడతాడా అని. మధ్యలో గిన్నె ఏదో కిందపడ్డ చప్పుడు. అంతే. మా ఆవిడా నేనూ మూడుసార్లు విన్నాం. మా అమ్మాయి "నాయనమ్మ ఎవర్ని తిడుతోంది?" అని అడిగింది.

మర్నాడు తమ్ముడు మళ్ళీ చేశాడు. "బోర్డు ఇంక లేవదన్నయ్యా. ఏం చెయ్యమంటావ్?"

"బస్తాలో మాత్రం వెయ్యకురా. ఉంచు" అన్నాను.

"ఎక్కడుంచను? ఇక్కడ నాకూ ఒక సొరుగే కదా ఉంది" అన్నాడు.